పక్క బిట్ చెరగకుండా రాయగలరా?

కోడింగ్ పరీక్ష గట్టెక్కారు. డేటా స్ట్రక్చర్స్ ప్రశ్నలకు చకచకా జవాబులు చెప్పేశారు. డివైస్ డ్రైవర్ ఇంజినీర్ కొలువుకు ఆఖరి టెక్నికల్ రౌండ్‌లో కూర్చున్నారనుకోండి. ఎదురుగా ఉన్నవారు బోర్డు మీద పొడవాటి గడి ఒకటి గీసి, మధ్యలో గీత కొట్టి ఇలా అడిగారు.

‘‘ఇది 32 బిట్ల వర్డ్. పై సగంలో ఒక రిజిస్టర్, కింది సగంలో ఇంకొకటి. నువ్వు కింది దాన్ని మాత్రమే మార్చాలి. కానీ ఈ హార్డ్‌వేర్ బస్ 32 బిట్లూ ఒకేసారి రాస్తేనే ఒప్పుకొంటుంది. ఏం చేస్తావ్?’’

‘‘మొత్తం చదువుతాను సార్. కింది సగం మార్చి, మళ్లీ మొత్తం రాసేస్తాను.’’

‘‘సరే. మరి పై సగం ఏమవుతుంది?’’

‘‘ఏముంది సార్, ఉన్నదే కదా తిరిగి రాశాం. అలాగే ఉంటుంది.’’

చాలామంది అభ్యర్థులు తప్పటడుగు వేసేది ఇక్కడే. ఉన్నదాన్నే తిరిగి రాస్తే ఏమీ మారదన్న మాట ర్యామ్ విషయంలో నిజం. హార్డ్‌వేర్ రిజిస్టర్ల విషయంలో చాలాసార్లు అబద్ధం. ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో పనిచేసేవారు ఈ తేడాతో నిత్యం కుస్తీ పడుతుంటారు. లైనక్స్ కెర్నల్ ఈ చిక్కును ఎక్కడెక్కడ, ఎలా దాటిందో చూస్తే ఆ ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆ ఉద్యోగంలో రోజూ చేయాల్సిన పనేమిటో కూడా తెలుస్తుంది.

ర్యామ్ వేరు, రిజిస్టర్ వేరు

మెమరీలో ఒకచోట 5 రాస్తే, తర్వాత చదివినప్పుడు 5 వస్తుంది. పదిసార్లు చదివినా అదే. పరికరాల రిజిస్టర్లకు కూడా మెమరీలాగే అడ్రస్‌లుంటాయి. సీ భాషలో పాయింటర్‌తోనే వాటిని అందుకోవచ్చు. అందుకే కొత్తవాళ్లు రెండూ ఒకటే అనుకుంటారు. కానీ ఆ అడ్రస్ వెనకాల ఉన్నది ఒక సర్క్యూట్. అక్కడ రాయడమంటే దానికి ఒక పని చెప్పడం. చదవడమంటే దాన్ని ఒక ప్రశ్న అడగడం. కాబట్టి రిజిస్టర్లలో రకాలున్నాయి.

- మామూలువి: ఏం రాస్తే అదే ఉంటుంది. ర్యామ్‌తో పోల్చదగ్గవి ఇవే.
- చదవగానే ఖాళీ అయ్యేవి: సీరియల్ పోర్టులో వచ్చిన అక్షరాన్ని ఒకసారి చదివితే అది వరుసలోంచి వెళ్లిపోతుంది. మళ్లీ చదివితే తర్వాతి అక్షరం వస్తుంది.
- రాయగానే పని మొదలయ్యేవి: కమాండ్ రిజిస్టర్లు సాధారణంగా ఇలాంటివి.
- 1 రాస్తే 0 అయ్యేవి: తప్పు జరిగినా, ఏదైనా సంఘటన జరిగినా హార్డ్‌వేరే ఆ బిట్‌ను 1 చేస్తుంది. ‘చూశాను, చెరిపెయ్’ అని చెప్పాలంటే సాఫ్ట్‌వేర్ అదే బిట్‌లో 1 రాయాలి. 0 రాస్తే ఏమీ కాదు.

ఈ నాలుగో రకమే అసలు చిక్కు. కరెంటాఫీసు ఫిర్యాదుల కాగితం ఒకటి ఊహించుకోండి. పరిష్కారం కాని ఫిర్యాదు పక్కన టిక్ ఉంటుంది. లైన్‌మన్ ఆ టిక్ మీద మళ్లీ టిక్ పెట్టి పంపితే ‘పని అయిపోయింది, కొట్టెయ్యండి’ అని అర్థం. ఇప్పుడు అదే కాగితంలో మీరు ఒక ఫోన్ నంబరు మాత్రమే మార్చాలి. మిగతాదంతా బుద్ధిగా, ఉన్నదున్నట్టు దించి పంపారు. టిక్‌లు కూడా దించారు. ఆఫీసు దృష్టిలో ఫిర్యాదులన్నీ తీరిపోయాయి. ఆ ఇంట్లో మాత్రం ఇంకా చీకటే.

బస్ ఎందుకు మొండికేస్తుంది?

ప్రాసెసర్ 1, 2, 4 బైట్లు విడివిడిగా రాయగలదు. అయితే ప్రాసెసర్‌కూ పరికరానికీ మధ్య ఉన్న బస్ కూడా ఆ తేడాను మోసుకెళ్లాలి. ‘ఈ నాలుగు బైట్లలో రెండే చెల్లుతాయి, మిగతావి ముట్టుకోవద్దు’ అని చెప్పడానికి వేరే తీగలు, వేరే సంకేతాలు కావాలి. అన్ని బస్‌లలోనూ అవి ఉండవు. ఉదాహరణకు ఆర్మ్ చిప్‌లలో చిన్నచిన్న పరికరాలను కలిపే ఏపీబీ బస్‌నే తీసుకోండి. దాని మూడో కూర్పులో ఏ బైటు చెల్లుతుందో చెప్పే రైట్ స్ట్రోబ్ సంకేతాలు లేవు. నాలుగో కూర్పులో చేర్చారు. బస్‌లో ఆ సంకేతాలున్నా, అవతలి పరికరం వాటిని పట్టించుకోకుండా తయారైన సందర్భాలూ ఉంటాయి.

చిప్ ఒకసారి తయారై లక్షల బోర్డుల్లోకి వెళ్లాక తీగలు కలపడం కుదరదు. ఇక సర్దుకోవాల్సింది సాఫ్ట్‌వేరే. అలా సర్దుకునే కోడ్‌నే వర్కరౌండ్ అంటారు. డ్రైవర్ ఇంజినీర్ల పనిలో ఇది పెద్ద భాగం.

వర్కరౌండ్ మొదటి మెట్టు మన అభ్యర్థి చెప్పిందే. 6వ బైటు నుంచి 2 బైట్లు కావాలంటే, 4 గుణిజానికి వెనక్కి వచ్చి 4వ బైటు నుంచి 32 బిట్లు చదవాలి. అందులోంచి పై 16 బిట్లు విడదీసుకోవాలి. చదవడం వరకు చాలాచోట్ల ఇది చాలు, పక్క రిజిస్టర్ ‘చదవగానే ఖాళీ అయ్యే’ రకం కాకపోతే. రాయడానికి వచ్చేసరికి కథ మారుతుంది.

పీసీఐ: 13వ బిట్ ఎటు పోయింది?

నెట్‌వర్క్ కార్డు, గ్రాఫిక్స్ కార్డు, ఎన్‌వీఎంఈ డిస్కు... వీటన్నింటికీ పీసీఐ కాన్ఫిగరేషన్ స్పేస్ ఉంటుంది. అందులో 4వ బైటు దగ్గర 16 బిట్ల కమాండ్ రిజిస్టర్, 6వ బైటు దగ్గర 16 బిట్ల స్టేటస్ రిజిస్టర్ ఉంటాయి. రెండూ కలిసి ఒకే 32 బిట్ల వర్డ్. కమాండ్ మామూలు రకం. స్టేటస్‌లోని తప్పుల బిట్లు మాత్రం ‘1 రాస్తే 0 అయ్యే’ రకం.

ఒక లెక్క వేద్దాం. ఈ వర్డ్‌ను చదివితే హెక్సాడెసిమల్‌లో 2010 0002 వచ్చిందనుకోండి. కింది సగం 0002 అంటే మెమరీ యాక్సెస్ మాత్రమే ఆన్‌లో ఉంది. పై సగం 2010లో 13వ బిట్ 1గా ఉంది. ఈ పరికరం పంపిన అభ్యర్థనకు అవతలి నుంచి సరైన స్పందన రాలేదని చెప్పే తప్పు గుర్తు అది.

డ్రైవర్ ఇప్పుడు డీఎంఏ కోసం బస్ మాస్టర్ బిట్ ఆన్ చేయాలి. అంటే కమాండ్‌ను 0006 చేయాలి. 16 బిట్లు రాయగల హార్డ్‌వేర్ అయితే స్టేటస్ జోలికి వెళ్లకుండా పని అయిపోతుంది. 32 బిట్లే రాయగల హార్డ్‌వేర్ అయితే? చదివాం, కలిపాం, 2010 0006 రాశాం. మన ఉద్దేశం ఏదైనా, 13వ బిట్‌లో 1 రాసినట్టే లెక్క. హార్డ్‌వేర్ దాన్ని చెరిపేస్తుంది. తర్వాత చదివితే 0010 0006 కనిపిస్తుంది. తప్పు జరిగింది, దాని ఆనవాలు మాత్రం మాయం. ఆ తర్వాత వచ్చి ‘ఏమైంది?’ అని స్టేటస్ చూసే కోడ్‌కు అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. డివైస్ కంట్రోల్ పక్కన డివైస్ స్టేటస్, స్లాట్ కంట్రోల్ పక్కన స్లాట్ స్టేటస్. ‘స్లాట్‌లో కార్డు పెట్టారు’, ‘తీశారు’ అని తెలిపే బిట్ స్లాట్ స్టేటస్‌లోనే ఉంటుంది. అది కూడా 1 రాస్తే 0 అయ్యే రకమే. స్లాట్ కంట్రోల్‌లో ఏదో మార్చబోయి దాన్ని చెరిపేస్తే, సర్వర్‌లో కొత్త డిస్కు పెట్టిన సంగతి కెర్నల్‌కు తెలియకుండా పోవచ్చు.

మరి దారేది? కమాండ్ విషయంలో తేలికైన ఉపాయం ఉంది. స్టేటస్‌లోని బిట్లు అయితే చదవడానికి మాత్రమే పనికొచ్చేవి, లేదంటే 1 రాస్తే చెరిగేవి. రెండింటిలోనూ 0 రాస్తే ఏమీ కాదు. కాబట్టి పై సగంలో చదివిన విలువ బదులు సున్నాలు పెట్టి 0000 0006 రాస్తే చాలు. తప్పు గుర్తు పదిలంగా ఉంటుంది.

అయితే ఇదే సూత్రాన్ని అన్నిచోట్లా వాడలేం. ఇంకోచోట పక్కనున్నది మామూలు రిజిస్టర్ అయితే సున్నాలు రాయగానే దాని సెట్టింగులన్నీ పోతాయి. ఏ బైటు దగ్గర ఏ రకం రిజిస్టర్ ఉందో పరికరాన్ని బట్టి మారుతుంది. అన్ని పరికరాలకూ పనికొచ్చే ఉమ్మడి ఫంక్షన్‌కు ఆ వివరం తెలియదు. 2015లో విడుదలైన లైనక్స్ 4.0లో 32 బిట్లే రాయగల కంట్రోలర్ల కోసం ఇలాంటి ఉమ్మడి ఫంక్షన్ చేర్చారు. అది చదివి, కలిపి, తిరిగి రాస్తుంది. తర్వాతి కూర్పుల్లో దానికి ఒక హెచ్చరిక జోడించారు. 32 బిట్లకన్నా చిన్న రాత జరిగితే పక్క బిట్లు చెడిపోయే ప్రమాదం ఉందని కెర్నల్ లాగ్‌లో సందేశం పడుతుంది. ఇలాంటి హార్డ్‌వేర్ పీసీఐ ప్రమాణాలకు తగ్గట్టు లేదని ఆ ఫంక్షన్‌లోని వ్యాఖ్యలోనే రాసిపెట్టారు.

ఉద్యోగార్థులు గమనించాల్సింది ఈ నిజాయతీనే. పూర్తిగా సరిచేయలేని చోట కెర్నల్ రాసినవారు సమస్యను దాచలేదు. పని నడిచేలా చేశారు, ఎక్కడ ప్రమాదముందో బయటపెట్టారు. ఇంటర్వ్యూలో కూడా ‘ఈ పద్ధతి ఇక్కడివరకే పనిచేస్తుంది, ఇక్కడ పనిచేయదు’ అని చెప్పగలిగిన జవాబుకు విలువ ఎక్కువ.

రాస్ప్‌బెర్రీ పై: నీడ విలువల కథ

పీసీఐలో పక్క బిట్ చెరిగిపోవడం సమస్య. ఎస్‌డీ కార్డు కంట్రోలర్‌లో సమస్య ఇంకో రకం. 2012 ఫిబ్రవరిలో వచ్చిన తొలి రాస్ప్‌బెర్రీ పై బోర్డు ఎస్‌డీ కార్డు నుంచే బూట్ అవుతుంది. అందులోని బ్రాడ్‌కామ్ బీసీఎం2835 చిప్‌లో ఉన్న ఎస్‌డీ కంట్రోలర్ రిజిస్టర్లను 32 బిట్లుగానే అందుకోవాలి. ఎస్‌డీ అసోసియేషన్ ప్రమాణం ప్రకారం మాత్రం చాలా రిజిస్టర్లు 16 బిట్లవే. 12వ బైటు దగ్గర ట్రాన్స్‌ఫర్ మోడ్, 14వ బైటు దగ్గర కమాండ్. రెండూ ఒకే వర్డ్‌లో ఉన్నాయి. కమాండ్‌లో రాయగానే ఆదేశం కార్డుకు వెళ్లిపోతుంది.

డ్రైవర్ మామూలుగా మొదట ట్రాన్స్‌ఫర్ మోడ్ రాస్తుంది, తర్వాత కమాండ్ రాస్తుంది. ఇక్కడ మోడ్‌ను ‘చదివి, కలిపి, తిరిగి రాసే’ పద్ధతిలో రాస్తే ఏమవుతుంది? పై సగంలో పాత కమాండ్ ఉంటుంది. అది కూడా మళ్లీ రాసినట్టవుతుంది. అంటే అడగకుండానే పాత ఆదేశం కార్డుకు ఇంకోసారి వెళ్లే ప్రమాదం. అది బ్లాక్‌ను రాసే ఆదేశమైతే చెప్పేదేముంది!

డ్రైవర్ రాసినవారు దీనికో చక్కటి మార్గం కనుక్కున్నారు. ట్రాన్స్‌ఫర్ మోడ్ రాయమని పిలుపు రాగానే హార్డ్‌వేర్‌ను ముట్టుకోరు. ఆ విలువను ర్యామ్‌లో ఒక వేరియబుల్‌లో దాచిపెడతారు. దీన్ని షాడో, అంటే నీడ విలువ అంటారు. తర్వాత కమాండ్ రాయమని పిలుపు వచ్చినప్పుడు దాచిన మోడ్‌నూ కొత్త కమాండ్‌నూ కలిపి ఒకే 32 బిట్ల రాతగా పంపుతారు. హార్డ్‌వేర్‌కు రెండూ ఒకేసారి అందుతాయి. ఆదేశం ఒక్కసారే వెళ్తుంది.

ఇదే కంట్రోలర్‌లో ఇంకో లోపం కూడా ఉంది. వెంటవెంటనే రెండు రాతలు చేస్తే మొదటిది పూర్తిగా చేరకముందే రెండోది వచ్చి, విలువ పోయే అవకాశముంది. రిజిస్టర్ల వైపు ఒక క్లాక్, ఎస్‌డీ కార్డు వైపు ఇంకో క్లాక్ నడవడమే దీనికి కారణం. 4వ బైటు దగ్గరున్న బ్లాక్ సైజు, 6వ బైటు దగ్గరున్న బ్లాక్ కౌంట్ కూడా ఒకే వర్డ్‌లో ఉంటాయి కాబట్టి వాటికీ ఇది తగులుతుంది. బ్రాడ్‌కామ్ ఐప్రాక్ కంట్రోలర్ల డ్రైవర్‌లో దీనికి రెండు జాగ్రత్తలు కనిపిస్తాయి. ఒకటి, బ్లాక్ వివరాలను కూడా నీడలో దాచి, కమాండ్ పంపేముందు ఒకేసారి రాయడం. రెండోది, కార్డు క్లాక్ 400 కిలోహెర్ట్జ్ లేదా అంతకన్నా తక్కువ ఉన్నప్పుడు ప్రతి రాత తర్వాత నాలుగు క్లాక్‌ల సేపు ఆగడం. 400 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక క్లాక్ అంటే 2.5 మైక్రోసెకన్లు. నాలుగు క్లాక్‌లంటే 10 మైక్రోసెకన్లు. డ్రైవర్ కోడ్‌లో ఇలాంటి ఆలస్యాలు కనిపిస్తే ‘ఎందుకీ దండగ?’ అని తీసేయకూడదని ఇక్కడే అర్థమవుతుంది.

అంతా ఫంక్షన్ పాయింటర్లే

ఇన్ని చిప్‌లకు ఇన్ని సర్దుబాట్లు చేస్తే కెర్నల్ నిండా ‘ఈ చిప్ అయితే ఇలా, ఆ చిప్ అయితే అలా’ అన్న షరతులే ఉండాలి కదా! అలా లేకపోవడానికి కారణం మీరు రెండో ఏడాది సీ ల్యాబులో చేసిన ఫంక్షన్ పాయింటర్లే. ఎస్‌డీ కార్డు ఉమ్మడి కోడ్ నేరుగా రిజిస్టర్‌లోకి రాయదు. ‘16 బిట్లు రాయి’ అనే ఒక చిన్న ఫంక్షన్‌ను పిలుస్తుంది. డ్రైవర్ తన సొంత రాత ఫంక్షన్ ఇచ్చి ఉంటే అది నడుస్తుంది. ఇవ్వకపోతే మామూలుది నడుస్తుంది. పీసీఐలో కూడా ప్రతి కంట్రోలర్ తనకు తగిన చదివే ఫంక్షన్, రాసే ఫంక్షన్ ఇస్తుంది. లోపం ఉన్న చిప్ భారం ఆ చిప్ డ్రైవర్ మీదే పడుతుంది. మిగతా చిప్‌ల వేగం తగ్గదు.

మరో జాగ్రత్త లాక్. చదవడం, కలపడం, రాయడం అనేవి మూడు అడుగులు. ఒక కోర్ చదివాక, రాసేలోపు ఇంకో కోర్ అదే వర్డ్‌ను మారిస్తే ఆ మార్పు పోతుంది. అందుకే పీసీఐ కాన్ఫిగరేషన్ రాతలు మామూలుగా స్పిన్‌లాక్ నీడన జరుగుతాయి. అయితే లాక్ తోటి కోర్‌ను ఆపగలదు కానీ హార్డ్‌వేర్‌ను ఆపలేదు. ఆ మధ్యలో పరికరమే తన బిట్ మార్చుకుంటే లాక్ చేసేదేమీ ఉండదు. ఈ ఒక్క వాక్యం ఇంటర్వ్యూలో చెప్పగలిగితే మీ మీద నమ్మకం పెరుగుతుంది.

వెడల్పే కాదు, అందే దూరం కూడా

ఇప్పటిదాకా ఒకేసారి ఎన్ని బిట్లు రాయొచ్చన్న పరిమితి చూశాం. డ్రైవర్ ఇంటర్వ్యూల్లో దీనికి తోడుగా వచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: బస్ మీద ఉన్న పరికరం ఎంత దూరం మెమరీని అందుకోగలదు?

పాత ఐఎస్ఏ బస్ డీఎంఏకు 24 అడ్రస్ బిట్లే. అంటే మొదటి 16 ఎంబీ వరకే చేయి సాగుతుంది. 32 బిట్ల అడ్రస్ పంపే పరికరానికి హద్దు 4 జీబీ. 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4లో తొలి చిప్ కూర్పుల పీసీఐ ఎక్స్‌ప్రెస్ భాగం మొదటి 3 జీబీ మెమరీని మాత్రమే అందుకోగలదు. యూఎస్‌బీ 3 పోర్టులు దాని మీదే ఆధారపడ్డాయి. బోర్డులో 4 జీబీ ర్యామ్ ఉంటే, పైనున్న 1 జీబీ యూఎస్‌బీకి అందదన్నమాట.

ఇక్కడ కెర్నల్ వాడే మార్గం బౌన్స్ బఫర్. లారీ సందులోకి రాకపోతే సరకును సెంటర్‌లో దింపించి, అక్కడి నుంచి చిన్న బండి మీద ఇంటికి తెచ్చుకుంటాం కదా, అలాగే. పరికరం తనకు అందే చోట డేటా దింపుతుంది. కెర్నల్ దాన్ని అసలు చోటికి కాపీ చేస్తుంది. ఆ కాపీకి ప్రాసెసర్ సమయం ఖర్చవుతుంది. లైనక్స్‌లో ఈ పని కోసం కేటాయించే స్థలం మామూలుగా 64 ఎంబీ. ఐఓఎంఎంయూ ఉన్న యంత్రాల్లో అడ్రస్‌లను మార్చి చూపే వీలుంటుంది కాబట్టి ఈ కాపీ చాలావరకు తప్పుతుంది. డ్రైవర్ చేయాల్సింది ఒకటే. తన పరికరం ఎన్ని బిట్ల అడ్రస్ అందుకోగలదో డీఎంఏ మాస్క్ ద్వారా కెర్నల్‌కు నిజం చెప్పాలి. ఎక్కువ చెబితే డేటా చెడిపోతుంది, తక్కువ చెబితే వేగం పోతుంది.

కొలువులు ఏ పేరుతో ఉంటాయి?

ప్రకటనల్లో ‘బస్ పరిమితులు దాటగలవారు కావలెను’ అని ఎవరూ రాయరు. డివైస్ డ్రైవర్ ఇంజినీర్, బీఎస్‌పీ ఇంజినీర్, ఎంబెడెడ్ లైనక్స్ డెవలపర్, ఫర్మ్‌వేర్ ఇంజినీర్, పోస్ట్ సిలికాన్ వ్యాలిడేషన్ ఇంజినీర్... ఈ పేర్లతో వెతకండి. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, ఏఎండీ, ఇంటెల్, మైక్రాన్ లాంటి చిప్ సంస్థలకు ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. బెంగళూరు సంగతి చెప్పనక్కర్లేదు. ఈసీఈ, సీఎస్‌ఈ, ఈఈఈ విద్యార్థులు ఎవరైనా ఇటు రావచ్చు. ఈసీఈ వారికి డేటాషీట్ చదవడం అలవాటు, సీఎస్‌ఈ వారికి కోడ్ చదవడం అలవాటు. ఈ ఉద్యోగానికి రెండూ కావాలి. ఎవరికి ఏది తక్కువో అది నేర్చుకోవాలి.

కోర్సు ద్వారా రావాలనుకునేవారికి సీ-డాక్ నిర్వహించే ఎంబెడెడ్ సిస్టమ్స్ డిజైన్ పీజీ డిప్లొమా ఒక మార్గం. ప్రవేశం సీ-క్యాట్ పరీక్షతో. ఉచితంగా మొదలుపెట్టాలంటే లైనక్స్ ఫౌండేషన్ వారి కెర్నల్ డెవలప్‌మెంట్ ప్రారంభ కోర్సు ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్స్, కంప్యూటర్ ఆర్కిటెక్చర్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో దొరుకుతాయి.

బోర్డు కొనకుండానే ప్రాక్టీస్

1. మొదట కాగితం, సీ కంపైలర్ చాలు. 32 బిట్ల వర్డ్‌ల అరే ఒకటి పెట్టుకోండి. ప్రతి వర్డ్‌కూ ఏ బిట్లు మామూలువి, ఏవి 1 రాస్తే చెరిగేవి అని రెండు మాస్క్‌లు ఇవ్వండి. 32 బిట్లు రాసే ఫంక్షన్ ఆ నియమాలు పాటించాలి. దాని మీద 16 బిట్లు రాసే ఫంక్షన్ కట్టండి. 2010 0002తో మొదలుపెట్టి 13వ బిట్ మాయం కావడం కళ్లారా చూడండి. తర్వాత సరిచేయండి.

2. అదే ప్రోగ్రామ్‌ను రెండు థ్రెడ్లతో, లాక్ లేకుండా నడపండి. ఒకరి రాత ఇంకొకరు చెరిపేయడం కనిపిస్తుంది. లాక్ పెట్టి మళ్లీ నడపండి.

3. లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌ను పూర్తి వివరాలతో నడిపితే ప్రతి పరికరం కంట్రోల్, స్టేటస్ బిట్లు ప్లస్, మైనస్ గుర్తులతో కనిపిస్తాయి. వాటిని చదవడం వరకే. సొంత ల్యాప్‌టాప్ రిజిస్టర్లలో రాసి ప్రయోగాలు చేయొద్దు.

4. రాయాలనిపిస్తే క్యూఈఎంయూ ఎమ్యులేటర్ వాడండి. అందులో విద్యార్థుల కోసమే తయారుచేసిన ‘ఎడ్యు’ అనే పీసీఐ పరికరం ఉంది. సంఖ్య ఇస్తే ఫ్యాక్టోరియల్ లెక్కవేస్తుంది. దాని తొలి 128 బైట్ల రిజిస్టర్లను 4 బైట్లుగానే అందుకోవాలి. డీఎంఏకు మామూలుగా 28 బిట్ల అడ్రసే, అంటే 256 ఎంబీ. ఈ వ్యాసంలో చెప్పిన రెండు పరిమితులూ ఒకేచోట దొరికాయి చూడండి! దానికి చిన్న డ్రైవర్ రాస్తే రెజ్యూమెలో పెట్టుకోదగ్గ ప్రాజెక్టు అవుతుంది.

5. కెర్నల్ సోర్స్‌లో ఎస్‌డీహెచ్‌సీఐ ఐప్రాక్ డ్రైవర్ ఫైలు తెరవండి. నీడ విలువలు ఎక్కడ దాస్తున్నారో, ఎక్కడ విడుదల చేస్తున్నారో వెతికి, మీ మాటల్లో ఒక పేజీ రాసుకోండి. తర్వాత ప్యాచ్ పంపే పద్ధతి నేర్చుకోండి. కోడ్ తీరును తనిఖీ చేసే చెక్‌ప్యాచ్, ఎవరికి పంపాలో చెప్పే గెట్ మెయింటెయినర్ స్క్రిప్టులు కెర్నల్‌తోపాటే వస్తాయి. స్పెల్లింగ్ దిద్దే పది ప్యాచ్‌లకన్నా, మీరు స్వయంగా పరీక్షించి చూసిన ఒక చిన్న సవరణ మేలు.

రెజ్యూమెలో ‘లైనక్స్ కెర్నల్ తెలుసు’ అని రాయడం తేలిక. ‘32 బిట్ల యాక్సెస్ మాత్రమే ఉన్న పరికరానికి డ్రైవర్ రాశాను, 16 బిట్ల రాతలో పక్క స్టేటస్ చెరిగే సమస్యను టెస్ట్‌తో చూపించి సరిచేశాను’ అని రాస్తే ఇంటర్వ్యూ అక్కడి నుంచే మొదలవుతుంది. మీకు బాగా తెలిసిన చోట మొదలవుతుంది.

మళ్లీ ఆ బోర్డు దగ్గరికి

‘‘పై సగం ఏమవుతుంది?’’ అన్న ప్రశ్న దగ్గర ఆగాం కదా. ఇప్పుడు జవాబు ఇలా చెప్పొచ్చు.

‘‘అది పై సగంలో ఏ రకం రిజిస్టర్ ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది సార్. డేటాషీట్ చూడాలి. మామూలుదైతే లాక్ పెట్టి, చదివి, కలిపి రాస్తాను. 1 రాస్తే చెరిగే బిట్లుంటే వాటి స్థానంలో 0 పెట్టి రాస్తాను. రాయగానే పని మొదలయ్యేదైతే అసలు ఇప్పుడే రాయను. విలువను నీడలో దాచి, రెండూ సిద్ధమయ్యాక ఒకేసారి రాస్తాను. ఏ రకమో తెలియని ఉమ్మడి కోడ్ అయితే రాసి, లాగ్‌లో హెచ్చరిక పెడతాను.’’

‘‘డేటాషీట్‌లో ఆ వివరం లేకపోతే?’’

‘‘చిప్ టీమ్‌ను అడుగుతాను సార్. వాళ్లు చెప్పేలోపు ఆ బిట్ మారే ఒక టెస్ట్ రాసి చూస్తాను.’’